ఏడు కూతలు

పండు ఒక్కటి కూడా లేని జామచెట్టుకు పండు ఈగ పట్టిందని పెట్టె ఏడుసార్లు కూసింది.

గవర్రాజు నీళ్ళడబ్బా కిందపెట్టి చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సగానికి కోసిన నీలం డ్రమ్ములో భుజం ఎత్తు పెరిగిన చెట్టు అది. దసరాకే ఆఖరి కాయ ఇచ్చేసి, ఇప్పుడు కార్తీకంలో తీరిగ్గా కొత్త చిగుళ్ళు వేసుకుంటోంది. ఆకులు తిరగేసి చూశాడు. పిండినల్లి లేదు. మట్టిలోకి వేలు రెండో కణుపు దాకా దింపాడు. తడి ఉండాల్సినంతే ఉంది. రాలిన పండేదైనా డ్రమ్ము వెనక కుళ్ళుతోందేమోనని మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. ఎండుటాకులు, తుప్పుపట్టిన తలక్లిప్పు ఒకటి, అంతే.

"పెట్టెకి జలుబు చేసుంటుంది నాన్నా," అంది హైమ, పక్క కుండీలో మందారాలు కోస్తూ.

"జలుబు చేస్తే ఉన్నదాన్ని లేదంటుంది. ఇది లేనిదాన్ని ఉందంటోంది."

"అయితే మనిషి బుద్ధి వచ్చిందేమో."

కూతురి మాటకు నవ్వాడు గానీ, తలక్లిప్పు జేబులో వేసుకుంటూ ఏడు కూతల గురించే ఆలోచిస్తున్నాడు.

రాజమండ్రిలో ఆ వీధివాళ్ళంతా దాన్ని ముక్కుపెట్టె అంటారు. సబ్బుపెట్టె కంటే కొంచెం పెద్దది. లోపల ఇరవై నాలుగు సన్నని పట్టీలు, ఒక్కొక్క దాని మీదా ఒక్కో వాసనకే చలించే పూత. మొక్కకు నోరు లేదంటారు గానీ, కష్టం వస్తే ముందు వాసనతోనే చెబుతుంది. వేరు కుళ్ళడం మొదలైన నాలుగు రోజులకు గానీ వంగమొక్క తల వాల్చదు. మనం చూసేది ఆ తల వాల్చడాన్నే. ఆ నాలుగు రోజులు ముందుగా తెలియాలని గవర్రాజు రెండేళ్ళు కష్టపడ్డాడు. కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పిన చేతులు మిద్దె మీది స్టోరు గదిలో పట్టీలకు పూతలు పూశాయి. ఒక కూత అయితే దాహం. రెండయితే నీరు ఎక్కువైంది. నాలుగు పేనుబంక, అయిదు బూడిద తెగులు. ఏడు కూతలు కూసిందంటే పైకి నిగనిగలాడే పండు లోపల పులిసిపోతోందని.

ఊళ్ళో మిద్దెతోటలవాళ్ళు ఇరవై ఇళ్ళవారు ఒక వాట్సాప్ గుంపుగా ఉన్నారు. ఇంటికొకటి చొప్పున, తనదానితో కలిపి ఇరవై పెట్టెలు చేశాడు. వాటి నుంచి ప్రతి ఆదివారం లెక్కలు అతని కంప్యూటర్లోకి వచ్చిపడతాయి.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే, మా ఆవిడ తోటండీ, పాడుచేయలేక, అంటాడు. సుభద్ర పోయి నాలుగేళ్ళు. కార్తీకంలోనే పోయింది. వారం పది రోజులు నీరసమంది, మూడు రోజులు జ్వరమంది, ఆసుపత్రికి చేరిన పూటే గుండె ఆగిందన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు, ముందే తెలిసుంటే, అని. ఆ మాట అతని చెవిలో ముల్లులా ఉండిపోయింది.

మరుసటి సోమవారం సాయంత్రం జామచెట్టు దగ్గర పెట్టె మళ్ళీ ఏడు కూసింది.

ఈలోగా అతను చేయనిది లేదు. పట్టీ మార్చాడు. అరటితొక్క పెట్టి పరీక్షిస్తే సరిగ్గా పలికింది. తులసాకు నూరి, బెల్లం నీళ్ళలో కలిపి, కొబ్బరిచిప్పలో పోసి కొమ్మకు కట్టాడు. పండు ఈగలు ఆ వాసనకు ఎక్కడున్నా వస్తాయి. వారం రోజుల్లో ఒక్కటీ పడలేదు. చిప్పలో ఒక చీమ మాత్రం ఈదుతుంటే పుల్లతో తీసి గట్టున పెట్టాడు.

అప్పుడు చూశాడు. పెట్టె కూసిన రెండుసార్లూ దాని ముందు నిలబడి పూలు కోస్తున్నది హైమ.

"ఇలా రామ్మా. దీని ముందు నిలబడి ఒక్కసారి ఊపిరి వదులు."

హైమ వదిలింది. ఏడు కూతలు.

"పొద్దున్నించీ ఏం తిన్నావు?"

"సోమవారం కదా. చుక్కలు కనబడేదాకా ఏం తింటాను?"

"కాఫీ?"

"అదీ లేదు. ఎందుకు నాన్నా, అలా చూస్తున్నావు?"

చుక్కలు కనబడ్డాక ఆమె భోంచేసి కాసేపాగి పైకి వచ్చి మళ్ళీ ఊదింది. పెట్టె నోరు మెదపలేదు.

గవర్రాజుకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పిన పాఠం! పొయ్యిలో కట్టెలు అయిపోతే ఇంట్లోని పాత కుర్చీ విరిచి పెట్టినట్టు, తిండి అందని ఒళ్ళు తన కొవ్వును తానే కాల్చుకుంటుంది. ఆ పొగ ఊపిరిలో బయటికొస్తుంది. మగ్గిన జామపండు వాసనకు అది దగ్గరి చుట్టం. పెట్టె పొరబడలేదు. మనిషిని పండనుకుంది, అంతే.

ఆ ఆలోచన వెంటే మరొకటి వచ్చి అతన్ని గట్టు మీద కూర్చోబెట్టింది. సుభద్ర ఆఖరి కార్తీకంలో మాట్లాడుతుంటే జామపండు వాసన వచ్చేది. ఉపవాసాలుండి ఎవరికీ తెలియకుండా మిద్దె మీద పండు తింటోందనుకున్నాడు. ఆకలేసి తినుంటుంది, పోనీ, అని అడగలేదు. అలా అడక్కపోవడం తను ఆమెకు చేసిన కొద్దిపాటి మంచి పనుల్లో ఒకటని ఇన్నేళ్ళూ మనసులో దాచుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. ఆమె తినలేదు. నిజంగానే ఉపవాసం ఉంది. చనిపోయిన మనిషి మీద మోపిన ఒక చిన్న అబద్ధం తొలగిపోయినందుకు అతని ప్రాణం తేలికపడింది. జేబులోని తలక్లిప్పు తీసి చూసుకున్నాడు. అది ఆమెదే.

ఆ సంతోషంలోనే పొరపాటు చేశాడు. సంగతంతా గుంపులో రాసేశాడు.

మూడో సోమవారం చీకటి పడకముందే గుంపులో మంగతాయారు గారి గొంతు వినబడింది. ఆవిడకు రాయడం విసుగు, అన్నీ గొంతుతోనే పంపుతారు.

"మాస్టారూ, మా కోడలు ఉపవాసమంది. పెట్టె ముందు నిలబెడితే అది కిక్కురుమనలేదు. పెట్టె తప్పా అండి, కోడలు తప్పా?"

ఒకరు నవ్వుబొమ్మ పెట్టారు. ఇంకొకరు, మా ఆవిడకి పదకొండు కూతలు కూసిందండోయ్, అన్నారు. రిటైర్డ్ రైల్వే గార్డు సన్యాసిరావు, పచ్చజెండా ఊపాలా ఎర్రజెండా ఊపాలా అని అడిగాడు. ఒక గంట సేపు గుంపంతా తిరనాళ్ళలా ఉంది. ఆ తరువాత గవర్రాజుకు ఫోను వచ్చింది.

"నేను ఇందుజనండి, మంగతాయారు గారి కోడల్ని." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "నేను రెండిడ్లీలు తిన్నానండి. కళ్ళు తిరిగాయి, తిన్నాను. ఆనపపాదుకి తెగులొస్తే చెబుతుందని కదండీ పెట్టె ఇచ్చారు? నా రెండిడ్లీలు ఇరవై ఇళ్ళకి తెలియాలా?"

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్టోరు గదిలో కూర్చుని ఇరవై పెట్టెలకూ ఒక కొత్త ఆజ్ఞ పంపాడు. ఊపిరి వెచ్చదనం తగిలితే ఎదురుగా మనిషి ఉన్నట్టు. మనిషి ఉన్నప్పుడు ఏడు పలకకూడదు. లోపల రాసుకోవడం మాత్రం ఆపలేదు. కొలిచిన అంకెను పారేయడం మేష్టరీ చేసినవాడికి చేతకాదు. కానీ ఏ పెట్టె ఎవరింట్లో ఉందో రాసుకున్న కాగితం ఒకటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి, కంపోస్టు డబ్బాలో కూరగాయల తొక్కల కింద కప్పెట్టాడు. ఇక ఎవరి ఆకలి ఎవరిదో తనకు కూడా తెలియదు. ఒకరి సిగ్గు కాపాడానన్న తృప్తితో ఆ పూట వంగకు వేపపిండి వేశాడు.

కార్తీకం అయిపోయింది. పోలిపాడ్యమి నాడు గోదావరిలో అరటిదొప్పల దీపాలు సాగిపోయాయి. ఆ తరువాతి ఆదివారం పొద్దున లెక్కలు వచ్చాయి.

మామూలుగా ఒక చూపు చూసి వదిలేసేవాడే. పదకొండో పెట్టె దగ్గర చూపు ఆగిపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మనిషి ఎదురుగా ఉండగా ఏడు. సోమవారం ఒక్కటే కాదు. మంగళ, బుధ, గురు, శుక్ర. వాసన బలం మంగళవారం ఆరు. గురువారం పదిహేను. శనివారం పొద్దున నలభై. ఉపవాసమున్న హైమ ఊదినప్పుడు వచ్చింది నాలుగు. శనివారం సాయంత్రం అసలు అంకే లేదు. ఆ మనిషి పెట్టె దగ్గరకు రాలేదు.

గబగబా మెట్ల దగ్గరకు వచ్చాడు.

"హైమా," అని పిలిచాడు. "తిండి మానేస్తేనే కాదే. తిన్నది ఒంటికి పట్టకపోయినా ఈ వాసనే వస్తుంది."

హైమ అంకెలు చూసింది. వీధి చివర డాక్టరుకు ఫోను చేసి, పెట్టె సంగతి చెప్పకుండా, మనిషి ఊపిరి ఇలా ఉంటే ఏమిటని అడిగింది. విని, ఫోను చేత్తో మూసి, "సుగరు బాగా ముదిరుంటుందంటున్నారు. ఎవరైనా సరే ఇవాళే తీసుకురమ్మంటున్నారు. రేపు కాదట," అంది.

గుంపులో రాశాడు. దయచేసి మీ పెట్టె మరలు విప్పి, లోపల ఏ అంకె ఉందో చెప్పండి. పదకొండో అంకె పెట్టె ఉన్న ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగుండకపోవచ్చు.

ఏడుగురు చెప్పారు. మిగతావాళ్ళు చెప్పలేదు. "మళ్ళీ మొదలెట్టారా మాస్టారూ?" అని ఒకావిడ. "కూతలు ఆపేశానన్నారు కదా, మరి లోపల రాసుకుంటోందా ఇది?" అని ఇంకొకాయన. "మా ఇంట్లో అంతా లక్షణంగా ఉన్నామండి," అని నలుగురు. ఒకాయన పెట్టెను బావిలో పడేశానన్నాడు. తప్పు వాళ్ళది కాదు. ఊళ్ళోవాళ్ళు తనను నమ్మి ఇంట్లో పెట్టుకున్న ముక్కు అది.

కంపోస్టు డబ్బా బోర్లించాడు. చేతులతో వెతికాడు. వానపాములు, గుడ్డుపెంకులు, నల్లటి మెత్తటి ఎరువు. ఎంత మంచి ఎరువు! కాగితం ముక్క ఒకటి దొరికింది, దాని మీద "గారు" అన్న రెండక్షరాలు మిగిలాయి.

"నాన్నా, అలా కాదు," అంది హైమ. "ఆ పెట్టె మనిషినే కాదు కదా, మొక్కల్ని కూడా చూస్తోంది. దాని మొక్కలకి ఏమేం జబ్బులున్నాయి?"

గవర్రాజు ఎరువు చేతులతోనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పదకొండో పెట్టె నెల రోజులుగా చెప్పింది వరసగా చదివాడు. నిమ్మకు ఆకు తొలిచే పురుగు. టమాటాకు అడుగు కుళ్ళు. ఆనపకు కార్తీకం మొదట్లో పిందె కుళ్ళు, తరువాత అది ఆగిపోయింది. రోగుల పేర్లు చింపేశాడు గానీ, రోగాల చీటీ చేతిలోనే ఉంది. ఇవన్నీ ఎవరో ఒకరు తననే అడిగి ఉంటారు. ఫోను తీసి గుంపులోని పాత ప్రశ్నలన్నీ వెనక్కి తిప్పుతూ పోయాడు.

"నిమ్మాకు మీద పాము పాకినట్టు తెల్లగీతలు" అని అడిగింది సన్యాసిరావు. హైమ స్కూటరు తీసింది.

సన్యాసిరావు లుంగీతో మిద్దె మీదే ఉన్నాడు. "రండి మాస్టారూ. గీతలాకులు గిల్లేసి వేపనూనె కొట్టమన్నారు కదా, కొట్టాను. చూడండి, ఎంత చక్కగా చిగురేసిందో!"

"ఆనపపాదు ఏదండీ?"

"ఆనపా? నాకు ఆనప పడదండీ బాబూ. ముప్ఫయ్యేళ్ళు రైల్వే క్యాంటీన్లో తిన్నాను, ఇక చాలు." పెట్టె విప్పి చూపించాడు. నాలుగో అంకె. గవర్రాజు ముఖం చూసి ఆయన నవ్వు ఆపేశాడు. "ఎవరికో బాగా లేదన్నది నిజమేనా? నేనూ వేళాకోళం అనుకున్నాను. మరి ఆనప గురించి అడిగింది ఎవరో గుర్తు చేసుకోండి. పిందెలు రాలిపోతున్నాయని ఎవరో పాపం..."

గవర్రాజుకు అప్పుడు గుర్తొచ్చింది. వెతకనక్కర లేకపోయింది.

ఆనప పిందెలు వేలెడు కాగానే పసుపెక్కి రాలిపోతున్నాయండి, అని రాసింది ఇందుజ. మిద్దె మీదికి తేనెటీగలు రావమ్మా, ఆనప పువ్వు విచ్చేది సాయంత్రం పూట, మగపువ్వు కోసి నువ్వే ఆడపువ్వు మధ్యలో అద్దు, అని చెప్పాడు. రెండు వారాలకు అరచేయంత కాయ ఫొటో పెట్టింది, పక్కన తన చెయ్యి పెట్టి. ఇడ్లీల గొడవ అయ్యాక ఆ అమ్మాయి గుంపులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పాదుకు పువ్వులు అద్దడం మాత్రం మానలేదు. రోజూ సాయంత్రం పెట్టె ముందు నిలబడుతూనే ఉంది. పెట్టె ప్రతి రోజూ చూసింది. తను దాని నోరు కుట్టేశాడు.

మంగతాయారు గారి తలుపు తట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆవిడ చేతిలో చెంచా, గ్లాసు ఉన్నాయి.

"మాస్టారా? రండి రండి. గుంపులో మీ గోల విన్నాను. మా ఇంట్లో జబ్బులేం లేవండి బాబూ."

"కోడలేదండీ?"

"పడుకుంది. నీరసం. ఆ రోజు నలుగురిలో నవ్వులపాలయ్యానని పంతం పట్టింది లెండి. సోమవారాలు, ఏకాదశి, మాసశివరాత్రి, ఏదీ వదల్లేదు. ఎంత తీసిపోయిందో! పొద్దస్తమానం దాహమంటుంది, బిందె ఖాళీ చేసేస్తోంది. నిన్నటి నుంచి వాంతులు." ఆవిడ గొంతు తగ్గించి నవ్వారు. "విశేషమేమోనని నా ఆశ. అబ్బాయికి ఫోను చేశాను, కాకినాడ నుంచి సాయంత్రానికి వస్తాడు. ఇదిగో, పంచదార నీళ్ళు పట్టిద్దామని కలుపుతున్నా."

"వద్దండీ," అన్నాడు గవర్రాజు. "ఆ గ్లాసు కిందపెట్టండి."

గదిలో ఇందుజ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. మెట్లెక్కి వచ్చిన మనిషిలా పెద్ద పెద్దగా ఊపిరి తీస్తోంది. హైమ వంగి పేరుపెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి, "నీళ్ళు," అంది.

గవర్రాజు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. గదంతా జామపండు వాసన. మగ్గి, తొడిమ దగ్గర మెత్తబడిన జామపండు. పెట్టె అక్కర్లేదు. ఈ వాసన అతనికి తెలుసు.

"నాన్నా! ఆటో!" అంది హైమ.

ఆసుపత్రిలో వేలు పొడిచి చూస్తే మీటరు అంకె చూపించలేదు, 'ఎక్కువ' అని మాత్రం చూపించింది. లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. డాక్టరు బయటికొచ్చి రెండు ముక్కల్లో చెప్పాడు. పుట్టిన దగ్గర్నుంచి లేని సుగరు, ఈ వయసులోనూ కొందరికి ఒక్కసారిగా వస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. తిన్నది తిన్నట్టే పోతోంది, ఒళ్ళు కాలిపోతోంది. ఉపవాసాల నీరసం అనుకోవడంతో ఆలస్యమైంది. "ఈ ఒక్కరోజు గడవనివ్వండి. రేపు ఈపాటికి మాట్లాడదాం."

సన్యాసిరావు సాయంత్రం ఫ్లాస్కుతో టీ పట్టుకొచ్చాడు. జోకులేమీ వేయలేదు. తలా ఒక గ్లాసు పోసి, బెంచీ చివర కూర్చున్నాడు. ఆ టీలో ఎవరో అల్లం దంచి వేశారు. ఇంత భయంలోనూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని అల్లం దంచారన్న సంగతి గవర్రాజుకు ఏదో ఆసరాలా అనిపించింది.

మంగతాయారు గారు టీ ముట్టలేదు. చాలాసేపటికి, తలుపు వైపే చూస్తూ అన్నారు.

"నేను పెట్టెనడిగాను మాస్టారూ. పిల్లని అడగలేదు. కళ్ళు తిరిగి తిన్నావా అమ్మా, ఒంట్లో ఎలా ఉంది, అని ఒక్కమాట దాన్ని అడిగుంటే..."

గవర్రాజు ఏదో ఓదార్పు చెప్పబోయాడు.

అప్పుడే అతనికి ఒక గురువారం గుర్తొచ్చింది. సుభద్ర పోయే ముందటి గురువారం. ఆ రోజు ఉపవాసం లేదు. ఇద్దరూ కలిసి కూర్చుని తోటకూరపప్పుతో అన్నం తిన్నారు. తను వడ్డించాడు. రెండోసారి కూడా వేయించుకుంది, ఎంత తిన్నా ఆకలేస్తోందండీ, అని నవ్వింది. ఆ నవ్వులో కూడా జామపండు వాసన వచ్చింది. చెంబు చెంబు నీళ్ళు తాగింది. డ్రమ్ములో జామచెట్టు కార్తీకంలో ఏనాడూ కాయలేదు. ఇంట్లో ఒక్క పండు లేదు. కెమిస్ట్రీ మాస్టారు ఎదురుగా కూర్చుని ఆ వాసన పీల్చి, పోనీ పాపం, అనుకుని ఊరుకున్నాడు.

అదే అయ్యుండొచ్చు. కాకపోనూ వచ్చు. ఇప్పుడు చెప్పడానికి ఆమె లేదు, ఆ రోజు వాసన రాసిపెట్టిన పెట్టె లేదు. గుండె ఆగిందన్న కాగితం ఒకటుంది, అంతే. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హైమ చూసి, ఏమిటని అడగబోయి, తండ్రి చెయ్యి పట్టుకుని ఊరుకుంది. తరువాత ఏమనుకుందో, అడిగింది.

"ఏమైంది నాన్నా?"

చెప్పాడు. నాలుగేళ్ళలో మొదటిసారి.

ఆ రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం ఇందుజ కళ్ళు నిలిపి చూసి, అత్తగారితో మొదట అన్నమాట, "ఆనపకి పువ్వులు అద్దారా?" అని. మంగతాయారు గారు బయటికొచ్చి వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, జన్మలో మొదటిసారి, మగపువ్వు ఏదో ఆడపువ్వు ఏదో ఫోనులో గవర్రాజును అడిగి, పదమూడు పువ్వులకు అద్దారు.

పది రోజుల తరువాత ఇందుజ భర్తతో కలిసి గవర్రాజు మిద్దె మీదికి వచ్చింది. చిక్కిన ముఖంలో కళ్ళు పెద్దవిగా ఉన్నాయి. సంచిలో ఇన్సులిన్ పెన్ను, ఇంకో సంచిలో ఒక ఆనపకాయ.

"మళ్ళీ కూతలు పెట్టేస్తానమ్మా," అన్నాడు గవర్రాజు. "నువ్వేమన్నా సరే. నోరు మూయించినందుకు ఏమయిందో చూశాను."

"కూతలు వద్దండి." ఆమె జామచెట్టు దగ్గర పెట్టెను చూస్తూ అంది. "కూస్తే పక్క మిద్దెకి వినబడుతుంది. రేపు ఇంకో ఇంట్లో ఇంకో కోడలు నవ్వులపాలవుతుంది. ఆ అంకెలు మీ దగ్గరకి కూడా రాకూడదండి. మీరు మంచివారే. అయినా రాకూడదు."

"మరెలాగమ్మా? తెలిసి ఊరుకోవడమా?"

"ఊరుకోవద్దు. ఆ వాసన వచ్చినప్పుడు అడగమనండి. నిలబడ్డ మనిషికి మాత్రమే వినబడేలా, నెమ్మదిగా. తిన్నావా, అని. తిననివాళ్ళు నవ్వుకుని పోతారు. తిన్నవాళ్ళకి, తిన్నాక కూడా ఇదెందుకు అడుగుతోందని భయం వేస్తుంది. భయం వేస్తే చాలు, ఆసుపత్రికి వెళ్తారు."

గవర్రాజు ఆలోచించాడు. విని కూడా వెళ్ళనివాళ్ళు ఉంటే? ఎవరికీ చెప్పకుండా మంచమెక్కితే? అతనికి తెలియను కూడా తెలియదు. ఆ భయం ఇక తనతోనే ఉంటుంది. అయినా ఆ పిల్ల అడుగుతున్నది న్యాయంగానే ఉంది.

"ఎవరి గొంతు పెట్టమంటావు?"

ఇందుజ మొదటిసారి నవ్వింది. "దానికి మా అత్తగారు అప్పుడే తయారైపోయారండి. నిన్నటి నుంచి గొంతు సవరించుకుంటున్నారు."

మంగతాయారు గారు పద్దెనిమిదిసార్లు చెబితే గానీ సరిగ్గా కుదరలేదు. మొదట్లో పోలీసు అడిగినట్టుంది. కొంచెం మెత్తగా అండి, అన్నాడు గవర్రాజు. తరువాత పురాణం చెప్పినట్టొచ్చింది. చివరకు విసుగెత్తి, ఆసుపత్రిలో అడగాలనుకున్నట్టు అడగండి, అంది హైమ. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తరువాత అడిగారు. అదే ఉంచారు.

మర్నాడు ఆదివారం. పందొమ్మిది పెట్టెలకు కొత్త గొంతు పంపే పనిలో గవర్రాజు పొద్దుటి నుంచీ స్టోరు గది దాటలేదు. బావిలో పడ్డ ఇరవయ్యో దానికి బదులు ఇంకోటి చేసి, అంకె వేయకుండా మూత బిగించాడు. పాత లెక్కలన్నీ తుడిచేశాడు. హైమ కింద నుంచి రెండుసార్లు పిలిచింది, వస్తున్నానన్నాడు. బయటికొచ్చేసరికి ఎండ వాలిపోయింది. దొండపాదులో ఆకులు కుట్టి గూడు కట్టుకున్న పిట్ట లోపలికి దూరుతోంది. నీళ్ళడబ్బా తీసుకుని జామచెట్టు దగ్గరకు వెళ్ళాడు. కొమ్మ చివర అకాలంగా ఒక తెల్లమొగ్గ కనబడితే, నిజమో కాదోనని వంగి దగ్గరగా చూశాడు.

"ఏమ్మా, తిన్నావా?" అంది పెట్టె, చెవిలో చెప్పినట్టు.

గవర్రాజు ఉలిక్కిపడ్డాడు. ఎవరూ లేరు. ఒక చేత్తో డ్రమ్ము అంచు పట్టుకున్నాడు.

"లేదమ్మా," అన్నాడు పైకే. "ఇంకా తినలేదు."

డబ్బాలో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో పోసి, మెట్లు దిగాడు. కింద హైమ కంచాలు పెడుతున్న చప్పుడు వినబడుతోంది. ఇందుజ తెచ్చిన ఆనపకాయ పులుసు పెట్టినట్టుంది. వాసన మెట్ల మీదికే వచ్చింది.